బ్యాటరీ కారు కొనాలా? హైడ్రోజన్ కారు వచ్చేదాకా ఆగాలా?

అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ తలపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని నరేంద్ర మోదీ 2025 జనవరి 8న విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి దాదాపు రూ.1.85 లక్షల కోట్లు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారు చేయాలన్నది లక్ష్యం. ఇంత పెద్ద అంకెలు విన్నాక, కారు కొనే ఆలోచనలో ఉన్నవారికి ఒక సందేహం రావడం సహజమే. ‘‘ఇప్పుడు పది పదిహేను లక్షలు పోసి బ్యాటరీ కారు కొనేస్తే, రేపు హైడ్రోజన్ కార్లు వచ్చాక ఇది పాతబడిపోదా? నాలుగేళ్లు ఆగితే పోలేదా?’’

సొంత కారు వరకైతే ఆగాల్సిన అవసరం లేదు. మన దేశంలో షోరూమ్‌కు వెళ్లి కొనుక్కోగలిగే హైడ్రోజన్ కారు నేటికీ ఒక్కటీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సొంత కారుకు హైడ్రోజన్ పట్టే బంకూ లేదు. అయితే ‘ఇప్పుడు లేదు కాబట్టి వద్దు’ అని తేల్చేస్తే సరిపోదు. పదేళ్ల కిందట బ్యాటరీ కార్ల పరిస్థితీ దాదాపు ఇంతే. అందుకే ఈ రెండు కార్లూ ఎలా నడుస్తాయో, దేనికి ఎంత కరెంటు కావాలో, హైడ్రోజన్ కార్లు ఇప్పటికే తిరుగుతున్న చోట ఏం జరిగిందో చూద్దాం.

రెండూ కరెంటు కార్లే

హైడ్రోజన్ కారును ఎలక్ట్రిక్ కారుకు పోటీగా చెబుతుంటారు కానీ అసలు అది కూడా ఎలక్ట్రిక్ కారే. రెండింట్లోనూ చక్రాలు తిప్పేది మోటారే. గేర్లు మార్చే పని లేకపోవడం, యాక్సిలరేటర్ తొక్కగానే దూసుకెళ్లడం, చప్పుడు లేకపోవడం రెండింటికీ ఉన్న లక్షణాలే. తేడా అంతా మోటారుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే.

బ్యాటరీ కారు కరెంటును బయటి నుంచి తెచ్చి దాచుకుంటుంది. ఫ్యూయల్ సెల్ కారు ప్రయాణంలోనే తయారు చేసుకుంటుంది. దాని ట్యాంకులో హైడ్రోజన్ వాయువు ఉంటుంది. ఫ్యూయల్ సెల్‌లో ఒక పలుచని పొరకు ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు బయటి గాలిలోని ఆక్సిజన్ చేరతాయి. రెండూ కలిసి నీరుగా మారే క్రమంలో కరెంటు పుడుతుంది. ఇంజిన్‌లో పెట్రోల్ మండినట్లు ఇక్కడ మంట ఉండదు. ఒక్కో సెల్ ఇచ్చే ఓల్టేజీ చాలా తక్కువ కాబట్టి వందల కొద్దీ సెల్స్‌ను దొంతరగా పేరుస్తారు. జపాన్ కంపెనీ టయోటా తయారు చేసే ‘మిరాయ్’ రెండో తరం కారులో ఇలాంటివి 330 ఉంటాయి. తోడుగా ఒక చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును అది దాచుకుంటుంది. (మిరాయ్ అంటే జపనీస్‌లో భవిష్యత్తు అని అర్థం. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు వచ్చింది ఈ కారులోనే. ఆ ఫొటోలు చూసి చాలామంది ఏడాదిలో మార్కెట్లోకి వచ్చేస్తుందనుకున్నారు. అది పరీక్షల కోసం తెచ్చిన కారు.)

పొగ గొట్టం నుంచి నీటి ఆవిరి మాత్రమే వస్తుందన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ‘నీళ్లతో నడిచే కారు’ అని శీర్షికలు పెట్టడం మాత్రం తప్పు. కట్టె కాలాక బూడిద మిగిలినట్లు, హైడ్రోజన్ వాడేశాక మిగిలేది నీరు. బూడిదతో పొయ్యి ఎలా వెలగదో, నీటితో కారూ అలాగే నడవదు. ఆ నీటిని మళ్లీ హైడ్రోజన్‌గా విడగొట్టాలంటే బోలెడంత కరెంటు పెట్టాలి. అసలు పేచీ ఇక్కడే.

వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు?

ఇంట్లో కరెంటు బిల్లుకు వాడే యూనిట్ లెక్కనే ఇక్కడా వాడదాం. మన రోడ్ల మీద తిరిగే మధ్యతరహా బ్యాటరీ కారు 100 కి.మీ. వెళ్లడానికి, ఛార్జింగ్‌లో వృథా అయ్యేదీ కలుపుకొని, సుమారు 16-18 యూనిట్లు తీసుకుంటుంది. ఏసీ వాడకం, వేగం, లోడును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు హైడ్రోజన్. నీటి నుంచి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50-55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని కారు ట్యాంకులో పట్టేంతగా నొక్కడానికి, నింపేటప్పుడు చల్లబరచడానికి మరికొన్ని యూనిట్లు పోతాయి. అలా తయారైన కిలో హైడ్రోజన్‌తో మిరాయ్ లాంటి కారు 100 కి.మీ. దాటి కొద్ది దూరం వెళ్తుంది. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో 5.6 కిలోలకు సుమారు 647 కి.మీ. వచ్చింది. మిరాయ్ పెద్ద సెడాన్ కాబట్టి ఆ మేరకు మినహాయింపు ఇచ్చినా, ఒకే దూరానికి హైడ్రోజన్ దారిలో పోయే కరెంటు బ్యాటరీ దారిలో పోయేదానికి దాదాపు మూడు రెట్లు.

దీనికి కారణం సాంకేతిక పరిజ్ఞానం ఇంకా ఎదగకపోవడం ఒక్కటే అయితే, ఎదిగాక చూద్దాంలే అనుకోవచ్చు. కానీ మెట్లు ఎక్కువ. కరెంటుతో నీటిని విడగొట్టాలి, వచ్చిన వాయువును నొక్కాలి, లారీలో తరలించాలి, బంకులో మళ్లీ నొక్కాలి, చివరికి కారులో తిరిగి కరెంటుగా మార్చాలి. ప్రతి మెట్టు దగ్గరా కొంత వేడిగా పోతుంది. ఫ్యూయల్ సెల్‌లోనే హైడ్రోజన్‌లోని శక్తి సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే కరెంటుగా మారుతుంది. మెరుగైన యంత్రాలు వస్తే ఈ నష్టం తగ్గుతుంది. అయినా కరెంటును నేరుగా బ్యాటరీలో దాచుకునే పద్ధతితో సమానం కావడం కష్టం.

రూపాయల్లో చూస్తే

ఇంటి దగ్గర యూనిట్ రూ.8 పడుతుందనుకుంటే బ్యాటరీ కారుకు 100 కి.మీ.కు 17 యూనిట్లు, అంటే రూ.136. అదే హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పన్నులతో కలిపి యూనిట్ రూ.20 అనుకుంటే రూ.340. లీటరుకు 18 కి.మీ. ఇచ్చే పెట్రోల్ కారుకు, లీటర్ రూ.108 చొప్పున, రూ.600 అవుతుంది. ఇంటి దగ్గర ఛార్జింగ్‌కూ బయటి ఛార్జింగ్‌కూ మధ్య ఎంత తేడా ఉందో గమనించండి. బ్యాటరీ కారు కొనేవారికి లాభం వస్తుందా రాదా అన్నది చాలావరకు ఈ తేడాయే నిర్ణయిస్తుంది.

హైడ్రోజన్‌కు మన దగ్గర చిల్లర ధర అంటూ లేదు. పానిపట్ రిఫైనరీకి గ్రీన్ హైడ్రోజన్ సరఫరా కోసం ఇండియన్ ఆయిల్ పిలిచిన టెండర్‌లో కిలో రూ.400కు కాస్త తక్కువ ధర వచ్చింది. అది ప్లాంటు పక్కనే ఉన్న రిఫైనరీకి టోకున ఇచ్చే రేటు. కారులో పట్టాలంటే దానిపై కంప్రెషన్, రవాణా, బంకు పెట్టుబడి, యజమాని లాభం కలవాలి. టోకు ధరలోనే 100 కి.మీ. ఖర్చు హైవే ఛార్జర్ ఖర్చును మించిపోయింది. అసలు ధర ఎంతవుతుందో పాఠకులే ఊహించవచ్చు.

కారు ఖరీదు సంగతి వేరే. బ్యాటరీ కార్లు పది లక్షల లోపు నుంచీ దొరుకుతున్నాయి. ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం వాడాలి, ట్యాంకుకు కార్బన్ ఫైబర్ చుట్టాలి. అమ్మకాలు వేలల్లోనే ఉండటంతో ఆ ధర దిగిరాలేదు.

ఐదు నిమిషాల్లో ఫుల్ ట్యాంక్

హైడ్రోజన్‌కు నిజంగా ఉన్న బలం ఇది. దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 620 కి.మీ. ఫుల్ ట్యాంకుతో బయల్దేరిన మిరాయ్ కాగితం మీద లెక్క ప్రకారం మధ్యలో నింపకుండానే చేరుతుంది. నింపాల్సి వచ్చినా ఐదు నిమిషాల పని. అదే 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఈవీనే తీసుకుంటే, పరీక్షల్లో వచ్చిన రేంజ్ 489 కి.మీ. అయినా వాస్తవంగా రోడ్డు మీద 350-375 కి.మీ. వస్తుందని కంపెనీయే చెబుతోంది. అంటే విజయవాడ దాకా ఆగకుండా వెళ్లొచ్చు. విశాఖకు మాత్రం కనీసం ఒకసారి, స్థిమితంగా వెళ్లాలంటే రెండుసార్లు ఆగి ఛార్జింగ్ పెట్టాలి. ఒక్కోసారి 40 నిమిషాల నుంచి గంట.

కానీ ఆ ఐదు నిమిషాల వెనుక పెద్ద యంత్రాంగం ఉంది. హైడ్రోజన్ బరువు తక్కువ, చోటు మాత్రం ఎక్కువ ఆక్రమిస్తుంది. మామూలు పీడనంలో కిలో హైడ్రోజన్‌కు సుమారు 11 వేల లీటర్ల చోటు కావాలి. కారులో పట్టించాలంటే దాన్ని 700 బార్ పీడనానికి నొక్కాలి. మన సీఎన్‌జీ కార్లలో ఉండేది సుమారు 200 బార్. కారు టైరులో గాలి రెండు, రెండున్నర బార్. ఇంత పీడనంతో వేగంగా నింపితే వాయువు వేడెక్కుతుంది. అందుకే పంపు దగ్గర ముందుగానే మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. ఒక కారు తర్వాత వెంటనే మరో కారు వస్తే పీడనం మళ్లీ పెరిగేదాకా ఆగాలి. తేమ ఉన్న రోజుల్లో నాజిల్ మంచు పట్టి కారుకు అతుక్కుపోవడం కూడా ఉంది. వీధి చివర ఛార్జింగ్ పాయింట్ పెట్టడానికి కరెంటు తీగ, మీటరు, ఒక గోడ చాలు. హైడ్రోజన్ బంకు అంటే చిన్నపాటి రసాయన కర్మాగారం.

కాలిఫోర్నియాలో ఏం జరిగింది?

ఫ్యూయల్ సెల్ కార్లను గట్టిగా ప్రోత్సహించిన ప్రాంతాల్లో అమెరికాలోని కాలిఫోర్నియా ఒకటి. బే ఏరియాలో బంధువులున్నవారు మిరాయ్ పేరు వినే ఉంటారు. బంకుల నిర్మాణానికి రాష్ట్ర ప్రభుత్వం నిధులిచ్చింది. కారు కొన్నవారికి 15 వేల డాలర్ల దాకా హైడ్రోజన్ నింపుకొనేలా టయోటా ఫ్యూయల్ కార్డు ఇచ్చింది. ఇంధనం ఉచితం అన్నట్టే కాబట్టి చాలామంది కొన్నారు, లీజుకు తీసుకున్నారు.

కష్టాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. మొదటిది సరఫరా. 2019 జూన్ 1న శాంటాక్లారాలోని హైడ్రోజన్ సరఫరా కేంద్రంలో పేలుడు జరిగింది. ఉత్తర కాలిఫోర్నియా బంకులు చాలావరకు అక్కడి నుంచి వచ్చే లారీల మీదే ఆధారపడేవి. దాంతో వారాల తరబడి బంకులు ఎండిపోయాయి. కారు బాగానే ఉంది, కార్డులో డబ్బులున్నాయి, పోయించుకోవడానికి ఇంధనం మాత్రం లేదు. రెండోది ధర. 2023 నాటికి కొన్ని బంకుల్లో కిలో 36 డాలర్లకు చేరింది. 5.6 కిలోల ట్యాంకు నింపితే 200 డాలర్లు, మన లెక్కలో 17 వేల రూపాయల దాకా. ఆరు వందల కిలోమీటర్ల ప్రయాణానికి ఇంత ఎవరు పెడతారు? కార్డు అయిపోయినవారికి కారు భారంగా మారింది. అమ్మబోతే కొనేవారు లేరు.

2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ అక్కడ కార్ల కోసం నడిపిన తన హైడ్రోజన్ బంకులన్నింటినీ శాశ్వతంగా మూసేసింది. మిరాయ్ యజమానులు కొందరు కోర్టుకెక్కారు. హోండా తన క్లారిటీ ఫ్యూయల్ సెల్ కారును 2021లోనే ఆపేసింది. ఆ తర్వాత తెచ్చిన సీఆర్-వీ ఫ్యూయల్ సెల్ కారుకు ఇంట్లో ప్లగ్ పెట్టుకునే బ్యాటరీ కూడా జోడించింది. హైడ్రోజన్ దొరక్కపోతే కనీసం కరెంటుతోనైనా ఊళ్లో తిరగవచ్చన్నమాట. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కంపెనీ ఆలోచన ఎటు మళ్లిందో ఇక్కడే తెలుస్తుంది. 2025 జులైలో ఐరోపా దిగ్గజం స్టెలాంటిస్ హైడ్రోజన్ వాహనాల కార్యక్రమాన్నే నిలిపివేసింది.

బ్యాటరీ కారు యజమానికి ఛార్జింగ్ స్టేషన్ మూతపడితే ఇబ్బందే కానీ కారు మూలన పడదు. ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్ ఉంటే చాలు, రేపు ఉదయానికి ఆఫీసుకు వెళ్లొచ్చు. హైడ్రోజన్ కారు యజమానికి అలాంటి రెండో దారి లేదు. ఎవరో ఒకరు నష్టానికైనా బంకు నడుపుతూ ఉండాలి. కారు కొనడం అంటే, ఆ బంకు పదేళ్లపాటు ఉంటుందని నమ్మి లక్షలు పెట్టడమే.

పొగ లేకపోతే కాలుష్యం లేనట్టేనా?

ఈ విషయంలో రెండు వైపులా అతిశయోక్తులున్నాయి. దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన బ్యాటరీ కారు 100 కి.మీ.కు 12 కిలోల వాటా మోస్తుంది. పెట్రోల్ కారు పొగ గొట్టం నుంచి వచ్చేది సుమారు 13 కిలోలు. రిఫైనరీ, రవాణా కలిపితే ఇంకా పెరుగుతుంది. బ్యాటరీ తయారీలో అయ్యే కాలుష్యం కూడా తలచుకుంటే, బొగ్గు కరెంటుతో తేడా ప్రకటనల్లో చెప్పేంత పెద్దదేమీ కాదు. ఇంటి మీద సోలార్ ఉంటే కథ మారిపోతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్యానళ్లకు రూ.78 వేల కేంద్ర రాయితీ ఉంది. అవి రోజుకు సగటున 12 యూనిట్లు ఇస్తాయి, అంటే సుమారు 70 కి.మీ. ప్రయాణం.

అదే బొగ్గు కరెంటుతో హైడ్రోజన్ తీస్తే 100 కి.మీ.కు 35 కిలోల పైనే అవుతుంది. పెట్రోల్ కారే నయం! ప్రపంచంలో ఇప్పుడు వాడుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజ వాయువు, బొగ్గు నుంచి తీస్తున్నదే. సహజ వాయువు నుంచి తీస్తే కిలోకు 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకే పేరుకు ముందు ‘గ్రీన్’ అన్న మాట ముఖ్యం. కిలో హైడ్రోజన్ తయారీలో 2 కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ వెలువడకపోతేనే గ్రీన్ అనాలని కేంద్రం 2023 ఆగస్టులో ప్రమాణం పెట్టింది.

ఏది ప్రమాదకరం?

రెండింటికీ వాటి వాటి ముప్పులున్నాయి. లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం, ఆరిందనుకున్నాక మళ్లీ రాజుకుంటుంది. 2022లో వరుసగా ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాక బ్యాటరీ పరీక్షల నిబంధనలను కేంద్రం కఠినం చేసింది.

హైడ్రోజన్ లీకైతే గాలి కంటే తేలిక కాబట్టి వేగంగా పైకి పోతుంది. ఆరుబయట ఇది మేలు. పైకప్పు ఉన్న సెల్లార్‌లో అయితే పైన పేరుకుంటుంది. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. కార్ల ట్యాంకులు తూటా పరీక్షలను కూడా తట్టుకునేలా చేస్తారు. ఇప్పటిదాకా పెద్ద ఘటనలు కార్లలో కంటే సరఫరా కేంద్రాల్లోనే జరిగాయి. 2019 జూన్ 10న నార్వేలోని సాండ్‌వికా దగ్గర బంకులో పేలుడుకు కారణం, అధిక పీడన ట్యాంకు బోల్టులు సరిగా బిగించకపోవడం. మన దేశంలో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ వాహనాల భద్రతకు ఏఐఎస్-157 ప్రమాణం 2020 నుంచే ఉంది.

మరి పూడిమడక హైడ్రోజన్ ఎవరికి?

కార్లకు కాకపోతే లక్షల కోట్ల పెట్టుబడి ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. ఎరువుల కర్మాగారాలు, చమురు శుద్ధి కేంద్రాలు ఇప్పటికే భారీగా హైడ్రోజన్ వాడుతున్నాయి. ఉక్కు తయారీలో బొగ్గు స్థానంలో దీన్ని వాడే ప్రయత్నాలు నడుస్తున్నాయి. ఈ పనులు బ్యాటరీతో అయ్యేవి కావు. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.19,744 కోట్లతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రధానంగా చూస్తున్నది వీటివైపే. పూడిమడకలో హైడ్రోజన్‌తో పాటు గ్రీన్ మెథనాల్, గ్రీన్ యూరియా, విమాన ఇంధనం తయారు చేస్తామని, ప్రధానంగా ఎగుమతి కోసమేనని శంకుస్థాపన సమయంలోనే కేంద్రం చెప్పింది. కాకినాడలో ఏఎం గ్రీన్ సంస్థ చేపట్టిన ప్లాంటు కూడా గ్రీన్ అమ్మోనియా కోసమే.

వాహనాల్లో ముందుగా పరీక్షిస్తున్నది లారీలు, బస్సుల్లో. బరువు మోస్తూ రోజంతా ఒకే దారిలో తిరిగే వాహనానికి రెండు చోట్ల బంకులుంటే చాలు. బ్యాటరీ బరువు వల్ల సరకు తగ్గించుకోవాల్సిన బాధా ఉండదు. 2025 మార్చిలో కేంద్రం ఐదు ప్రయోగాత్మక ప్రాజెక్టుల కింద 37 బస్సులు, లారీలకు, 9 హైడ్రోజన్ బంకులకు అనుమతిచ్చింది. వాటి మార్గాల్లో 16వ నంబర్ జాతీయ రహదారిపై విశాఖపట్నం-బయ్యవరం కూడా ఉంది. కాబట్టి అనకాపల్లి వైపు వెళ్లేటప్పుడు హైడ్రోజన్ లారీ ఎదురైతే ఆశ్చర్యపోకండి. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా 2023లో రిలయన్స్‌తో కలిసి హైడ్రోజన్ బస్సు నమూనాను చూపించింది. అదే సంస్థ బ్యాటరీ బస్సులు మాత్రం ఇప్పటికే తిరుపతి-తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాయి. లారీల్లోనూ హైడ్రోజనే గెలుస్తుందని ఇప్పుడే చెప్పలేం, బ్యాటరీ లారీలు కూడా వేగంగా వస్తున్నాయి.

పన్నులు, రాయితీలు

బ్యాటరీ కార్లపై జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుంచి 5 శాతమే. ఫ్యూయల్ సెల్ వాహనాలపై 12 శాతం ఉండగా, 2025 సెప్టెంబర్ 22 నుంచి అదీ 5 శాతానికి తగ్గింది. అంటే పన్ను విషయంలో రెండూ సమానమే.

తెలంగాణలో కొని, అక్కడే రిజిస్ట్రేషన్ చేయించుకునే ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఈ ఉత్తర్వు 2024 నవంబర్ 18న అమల్లోకి వచ్చింది. వాహనాల సంఖ్యపై పరిమితి లేదు. ఇది చిన్న లాభం కాదు. పది లక్షలు దాటిన పెట్రోల్ కారుకు అక్కడ లైఫ్ ట్యాక్స్ ధరలో ఆరో వంతుకు పైనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవారు డీలర్ నోటిమాటతో సరిపెట్టుకోకుండా, బుకింగ్‌కు ముందే రవాణా శాఖ కార్యాలయంలో లైఫ్ ట్యాక్స్ లెక్క అడిగి తెలుసుకోవడం మేలు.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ లేదు. అందులో రూ.2,000 కోట్లు ఛార్జింగ్ స్టేషన్లకు కేటాయించారు. వాహన రుణం వడ్డీపై రూ.1.5 లక్షల ఆదాయ పన్ను మినహాయింపు ఉందని కొందరు సేల్స్ సిబ్బంది ఇప్పటికీ చెబుతుంటారు. ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే వర్తిస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే?

సొంత ఇల్లు, సొంత పార్కింగ్ ఉన్నవారికి పెద్ద చిక్కు లేదు. 15 ఆంప్స్ సాకెట్ నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. రోజుకు 40 కి.మీ. తిరిగేవారికి రెండున్నర గంటలు చాలు. నెలకు 200 యూనిట్లు అదనంగా కాలుతాయి కాబట్టి పై స్లాబులోకి వెళ్లి మొత్తం బిల్లు పెరగవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఈవీ ఛార్జింగ్‌కు ప్రత్యేక టారిఫ్ కేటగిరీ ఉంది. ఆ కేటగిరీలో వేరే మీటరు తీసుకుంటే లాభమో, శాంక్షన్డ్ లోడ్ పెంచుకుంటే చాలో మీ సెక్షన్ ఆఫీసులో ఏఈని అడిగితే లెక్క వేసి చెబుతారు.

అసలు గొడవంతా అపార్ట్‌మెంట్లలో. బ్యాటరీ కారు వద్దనుకునేవారిలో చాలామందికి అడ్డం టెక్నాలజీ కాదు, సెల్లార్‌లో ప్లగ్ పెట్టుకోనివ్వకపోవడం. ఇంట్లో లేదా ఆఫీసులో ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే వాహనాన్ని ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఛార్జింగ్ స్టేషన్ నడపడానికి లైసెన్సు అక్కర్లేదని 2018 ఏప్రిల్‌లోనే తేల్చారు. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం చోటు ఎలక్ట్రిక్ వాహనాలకు అనువుగా ఉండాలని 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించింది. అసోసియేషన్‌తో మాట్లాడేటప్పుడు ఈ కాగితాల ప్రతులు చేతిలో ఉంటే, ‘రూల్స్ ఒప్పుకోవు’ అన్న మాట దగ్గరే చర్చ ఆగిపోదు.

అసోసియేషన్ భయాల్లో నిజమైనవీ ఉన్నాయి. పాత భవనాల్లో సెల్లార్ లైట్ల కోసం వేసిన సన్నని వైరుకు కారు తగిలిస్తే అది వేడెక్కుతుంది. కామన్ మీటరు మీద ఛార్జ్ చేస్తే బిల్లు అందరి మీదా పడుతుంది. అందుకే మీ ఫ్లాట్ మీటరు నుంచే పార్కింగ్ స్థలానికి విడిగా మందమైన కేబుల్ లాగించండి. సరైన ఎర్తింగ్, విడి ఎంసీబీ పెట్టించి, పని చేసిన లైసెన్సుడ్ ఎలక్ట్రీషియన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అది కుదరకపోతే కామన్ మీటరుకు సబ్‌మీటర్ పెట్టి, యూనిట్ల లెక్కన నెలనెలా అసోసియేషన్‌కు కట్టే పద్ధతి ఉంది. రెండో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీసి ఛార్జ్ చేయడం మాత్రం ఒక్క రాత్రికైనా వద్దు. సాకెట్ కాలిపోవడం, మంటలు రావడం ఎక్కువగా అలాంటి తాత్కాలిక కనెక్షన్ల దగ్గరే జరుగుతుంది.